తప్పు చీర

మన ఇంటి నుంచి, జూలై 4

మామకు,

నేను బాగున్నాను. నువ్వు బాగున్నావని అక్కడ నీతో ఉండే బసవరాజ్ అన్న ఫోన్లో చెప్పాడు. ఆ రెండు ముక్కలూ అయిపోయాయి కాబట్టి అసలు సంగతికి వస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని నువ్వు అనుకుంటావు. ఫోన్లో మన కొడుకు పేరు ఎత్తితే పెట్టేస్తావు మామా. ఉగాదికి ఎత్తాను, పెట్టేశావు. వాడి పుట్టినరోజుకు ఎత్తకముందే పెట్టేశావు. కాగితమైతే సగంలో పక్కన పడేసినా మళ్లీ తీసి చదవొచ్చు. నాది ఐదో తరగతి చదువు, ఒత్తులు తప్పుతాయి. నవ్వుకుంటే నవ్వుకో, చివరిదాకా మాత్రం చదువు.

మొన్న సోమవారం హర్షిణి వచ్చింది. కడపలో పాత కాగితాలు, పాత ఫోటోలు దాచే ఆఫీసులో మన భూపేష్ పనిచేశాడు కదా, ఆ ఆర్కైవులో పిల్ల. వాడు పోయిన మూడో రోజు వచ్చి గడప దగ్గరే నిలబడి ఏడ్చి వెళ్లింది, గుర్తుందా. మైదుకూరులో బస్సు దిగి ఆటో దొరక్క ఆ ఎండలో నడిచి వచ్చింది. మజ్జిగ ఇచ్చాను. రెండు లోటాలు తాగి, సంచిలో నుంచి పలక లాంటి ఫోన్ ఒకటి తీసింది. "అమ్మా, భూపేష్ మొదలుపెట్టిన పని పూర్తయింది. అందరికంటే ముందు మీరు చూడాలి" అని నా ఒళ్లో పెట్టింది.

అది మన చేనేత గురించి ఫోన్లోనే చూసే ప్రదర్శన. టికెట్టు లేదు, తలుపు లేదు, ఆలూరులో గోడౌను కాపలా కాస్తూ నువ్వు కూడా చూడొచ్చు. వేలితో పైకి తోస్తుంటే ఒకదాని కింద ఒకటి వస్తూనే ఉంటాయి. వెనకటి కాలపు నూలు రేషన్ కార్డు ఉంది, ఎవరిదో వేలిముద్ర నల్లగా పడింది. కరువులో గంజి పోసిన చోట వరుసగా కూర్చున్న మగ్గపోళ్లు ఉన్నారు. మన సొసైటీ మొదలైన రోజు తీసిన ఫోటో ఉంది. దాని కింద "పేర్లు తెలియవు" అని రాసి ఉంది. నేను ఆగలేకపోయాను. "తెలియకపోవడం ఏందమ్మా, రెండో వరుసలో తలపాగా చుట్టినాయన మా మామగారు. ఆయన పక్కన చేతులు కట్టుకొని నిలబడింది ఇదో, ఈ పెద్ద ఈరన్న పెదనాయన వాళ్ల నాయన" అన్నాను. ఆ పిల్ల వెంటనే రాసుకుంది. మీ నాయన పేరు ఇంత పెద్ద అక్షరాలతో ఎక్కుతుంది చూడు.

వాటన్నిటి తర్వాత వచ్చేది మన భూపేష్ చేసిన గది. గది అంటే గది కాదు, వాళ్లు అలా అంటారు. దానికి వాడు పెట్టిన పేరు "ఇంట్లో మిగిలిన చీరలు". నీకు ఆ పేరు వింటే మళ్లీ కోపం వస్తుందని తెలుసు. అయినా రాస్తాను. మన పక్క ఊళ్లన్నీ తిరిగి, నేసేవాళ్ల ఇళ్లలో మీరు నేసింది ఒకటి చూపించండి అని అడిగితే ఏ ఇంట్లోనూ మంచి చీర లేదంట. మంచివన్నీ సావుకారుకు పోయాయి. మిగిలింది ఆయన వద్దని తిప్పికొట్టినవి, పెళ్లాలు కట్టుకున్నవి. ఒకదానికి అంచు వంకర, ఒకదానికి రంగు దిగింది, ఒకదానికి చీర ఒంట్లో గీత. అట్లాంటి తప్పు చీరలు పదకొండు ఇళ్లలో పదకొండు దొరికాయి. ఆ పదకొండే పెట్టారు. ఒక్కో చీర కింద ఆ తప్పు ఎట్లా పడిందో నేసినవాళ్ల నోటితోనే వినిపిస్తుంది.

పెద్ద ఈరన్న పెదనాయన తన చీర చూసుకొని ఏమన్నాడో విను. ఆయన మన అరుగు మీదే కూర్చొని ఉన్నాడు ఆ పూట. "ఏమ్మే తిరుపతమ్మా, యాభై ఏండ్లు నేసినా. దేశం మీదికి పోయినాయి నా చీరలు. ఇప్పుడు నా పేరు మీద ఉండాది యాది? నేను జొరంలో నేసిన వంకర అంచుది! సచ్చినా ఇదే చూస్తారు జనాలు" అన్నాడు. కోడలు నాగజ్యోతి లోపల నుంచి, "నీకు జొరం యాడిది మామా, కల్లు తాగి నేసినావని మా అత్త సెప్పింది గదా" అంది. ఆయన ఫోన్ మీదికి వంగి, "అది గూడా రాసినారా దాంట్లో?" అని అడిగాడు. హర్షిణి నవ్వు ఆపుకోలేకపోయింది. రెండేళ్ల తర్వాత మన అరుగు మీద నవ్వు వినపడింది మామా.

పదకొండోది నాది. నీలం చీర, పసుపు కొంగు. దాని కింద "నేసినవారు" అని రాసి ఖాళీ వదిలారు. పేరు చెప్పమని అడిగింది. నీ పేరు పలకడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. కాగితం మీద రాసి చూపించాను.

మిగతా పది చీరలకూ వాళ్ల వాళ్ల గొంతులు ఉన్నాయి. నా చీరకు వాడి గొంతు ఉంది. వాడు పోయిన రోజు చీర అక్కడ ఇచ్చినప్పుడు, దీని గురించి చెప్పు అని హర్షిణి అడిగితే వాడు చెప్పాడంట. రెండు నిమిషాలు కూడా లేదు. నేను విన్నాను. ఏమి విన్నానో ఇప్పుడు రాయలేను. నవ్వుతూ మాట్లాడాడు అని మాత్రం తెలుసుకో.

ఈ ఉత్తరంతో పాటు ఒక కాగితం పెట్టాను. వాడు తన గొంతు వాడుకోవచ్చని సంతకం పెట్టే లోపలే పోయాడు. లేని మనిషి గొంతు నలుగురికీ వినిపించాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకోవాలంట. పైగా చీర నేసింది నువ్వు. నేను పెట్టాను సంతకం. నాది కింద వంకరగా ఉంది, పైన ఖాళీ నీది. చేనేత దినం నాడు, ఆగస్టు ఏడో తారీఖున, అందరికీ తెరుస్తారు. నెలాఖరుకు కాగితం చేరకపోతే వాడి గొంతు తీసేసి చీర మనకు తిరిగి ఇచ్చేస్తామని చెప్పింది. బలవంతం ఏమీ చేయలేదు. మంచి పిల్ల.

సంతకం పెట్టు మామా.

అన్నం వేళకు తింటున్నావని అనుకుంటూ,
తిరుపతమ్మ


జూలై 17

మామకు,

నీ ఫోన్ తర్వాత మూడు రోజులు ఏమీ రాయకుండా కూర్చున్నాను. పెద్ద ఈరన్న వాళ్ల మగ్గానికి రాట్నం మీద నూలు కండెలు చుట్టి ఇస్తున్నాను కదా, ఆ కండెలు కూడా సరిగ్గా రాలేదు. నాగజ్యోతి, "అత్తా, ఈ పొద్దుకు సాల్లే, నువ్వు సుట్టింది మల్లా నేను ఇప్పాల్సొస్తాండాది" అని రాట్నం తీసేసుకుంది.

నువ్వు అన్న మాటలు రాస్తాను, నేను సరిగ్గా విన్నానో లేదో చూసుకో. "తీసెయ్యమను. ఆ చీర తెచ్చి పొయ్యిలో పెట్టు. వాడు దాన్ని ఎత్తుకొని గడప దాటినాడు, పోయినాడు. ఆ మాట అనింది నేను గదా. నా నోరు గదా." అంతే, పెట్టేశావు.

ఇప్పుడు నేను చెప్పేది వినమంటే నువ్వు వినవు. అందుకే రాస్తున్నాను. రెండేళ్లుగా నా కడుపులో ఉన్నది ఇది. దీన్ని చదివాక నన్ను ఏమన్నా పడతాను.

వాడు పోయే ముందు రోజు సాయంత్రం మీ ఇద్దరికీ వాదులాట అయింది. వాడు చీర తీసి మంచం మీద పరిచి ఫోటో తీస్తుంటే నువ్వు చూశావు. "నా తప్పును ఊరందరికీ సూపెట్టేదానికా నిన్ను సదివించింది?" అన్నావు. వాడు, "తప్పు కాదు నాయనా, ఇదే గదా మన ఇంట్లో మిగిలింది" అన్నాడు. "ఆ చీర ఈ గడప దాటిందంటే నువ్వూ దాటినట్టే అనుకో" అన్నావు. అన్నావు, నిజమే. కోపంలో ఇంటి మగవాళ్లు అనే మాటే అది. అన్నం దగ్గర మళ్లీ నువ్వే వాడికి ముద్దపప్పు వడ్డించావు. అది నువ్వు మర్చిపోయావు. గడప మాట ఒక్కటే గుర్తు పెట్టుకున్నావు.

మర్నాడు పొద్దున నువ్వు నూలు కోసం మైదుకూరు పోయావు. నువ్వు పోయాక వాడు ఆ చీర మడిచి పెట్టెలో పెట్టేశాడు మామా. తీసుకుపోలేదు. నీ మాట వాడు దాటలేదు. పెట్టె మూత వేసి, "మా, నాయన వద్దన్నాడు గదా, హర్షిణి మేడమ్‌కు ఫోటో ఒకటి ఇస్తాలే" అని తల దువ్వుకుంటున్నాడు. నేనే పెట్టె తెరిచాను. నేనే చీర తీసి టవల్లో చుట్టి వాడి సంచిలో పెట్టాను. వాడు చూసి, "వద్దు మా, నాయన ఊరుకోడు" అన్నాడు. "నేసింది ఆయన, కట్టుకొనింది నేను. నా చీర నేను ఇస్తాండా. ఆయనకు నేను సెప్పుకుంటాలే, నువ్వు పో" అన్నాను. వాడు నవ్వుకుంటూ బండి తీశాడు. సాయంత్రం తిరిగి వస్తూ ఆ లారీ కింద...

వాడు గడప దాటింది నీ మాట మీద కాదు. నా మాట మీద.

మూడో రోజు నువ్వు పెట్టె తెరిచి చూశావు. చీర లేదు. నా వైపు తిరిగి, "వాడు ఎత్తుకపోయినాడు గదా?" అని అడిగావు. నేను తల ఊపాను. అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. నోరు రాలేదు. చెబితే నువ్వు నన్ను చూసే చూపు ఎట్లా మారుతుందో అని భయపడ్డాను. ఆ తల ఊపినందుకు నువ్వు మగ్గం వదిలేశావు, దాని గుంటలో కాలు పెట్టలేనన్నావు, ఆరు నెలలకు ఆలూరు పోయావు. నీ చేతులు గోడౌను తాళాలు వేస్తున్నాయని బసవరాజ్ అన్న చెప్పినప్పుడల్లా రాట్నం ఆపేసేదాన్ని. అయినా చెప్పలేదు.

ఎందుకు ఇచ్చావు అని అడుగుతావు. నవ్వొద్దు. ఆశపడ్డాను మామా. పెళ్లయిన నాటి నుంచి రాట్నం ముందు కూర్చున్నాను. నేను చుట్టిన కండె లేకుండా నువ్వు ఒక్క జానెడు నేయలేదు. చీర బయటికి పోతే నీ పని అంటారు, సావుకారు సరుకు అంటారు. కండె చుట్టినదాని ఊసు ఎవరికీ పట్టదు. ఆ చీర పసుపు కండెలు నిండు నెలల కడుపుతో నేను చుట్టినవే. ఆ చీరలో నేను కూడా ఉన్నానని నలుగురూ చూడాలనిపించింది. అంత చిన్న ఆశ. దానికి ఇంత జరుగుతుందని ఎవరికి తెలుసు.

ఇక వాడి గొంతు సంగతి. మొదటి ఉత్తరంలో ఎందుకు రాయలేదో ఇప్పుడు నీకు అర్థమవుతుంది. దాంట్లో వాడు ఈ సంగతే చెప్పాడు. నేను దొంగతనం చేశానని నవ్వుతూ చెప్పేశాడు. హర్షిణికి కూడా అది తెలుసు కాబట్టి, "అమ్మా, మీకు ఇబ్బంది అనిపిస్తే ఆ ముక్క వరకు కత్తిరించేస్తాను, ఎవరికీ తెలియదు" అని మెల్లగా చెప్పింది. రెండు రోజులు నేను కూడా అదే అనుకున్నాను. కత్తిరించమంటే పోతుంది కదా అని. నువ్వు పొయ్యిలో పెట్టమన్నాక అనుకోలేకపోయాను. వాడి నోటి మాట కత్తిరించి నా మాట దాచుకునేంత పాపం నాకు వద్దు.

నాగజ్యోతి ఫోన్‌కు ఆ ముక్క పంపించింది హర్షిణి. పదిసార్లు ఆపి ఆపి విని రాశాను. చదువు.

హర్షిణి ఎవరు నేశారు అని అడుగుతుంది. వాడు అంటాడు: "మా నాయన, నారాయణ. ఈ పక్క ఊర్లల్లో మా నాయన మాదిరి అడ్డం పోయే పేక పోగును గట్టిగా కొట్టేటోళ్లు లేరు మేడమ్. నీళ్లు పోసినా కిందికి దిగవు." నీ గురించి ఇట్లా బయట చెబుతాడని నీకు తెలుసా? తర్వాత అంటాడు: "ఈడ సూడండి, నీలంలో రెండు పసుపు పోగులు పడినాయి గదా. ఆ పొద్దు లోపలింట్లో మా అమ్మకు కాన్పు అయితాండాది. ముందింట్లో మా నాయన నేస్తాండాడు. నేను పుట్టి ఏడిస్తే మా నాయన లేసి వొచ్చి సూసి, మల్లా పోయి కూర్చోని పరాకులో నీలం నాడె బదులు పసుపు దారం నాడె పట్టుకున్యాడంట. సావుకారు తిప్పికొట్టినాడు. మా నాయనకు ఇది తప్పు. మా అమ్మ మాత్రం నా ప్రతి పుట్టినరోజుకూ ఇదే కట్టుకుంటాది." హర్షిణి మీ నాన్నగారు ఒప్పుకున్నారా అని అడుగుతుంది. వాడు నవ్వుతాడు. ఆ నవ్వు నువ్వు వినాలి. "ల్యా. మా అమ్మ దొంగతనంగా సంచిలో పెట్టింది. ఇప్పుడు ఇంటికి పోయి నేనే సెప్పి తిట్లు తినాల. మా నాయన తిడతాడు మేడమ్, తిట్టినాక అన్నం గూడా ఆయనే పెడతాడు."

అంతే ఉంది. చివర్లో కుర్చీ జరిపిన చప్పుడు ఒకటి.

వాడు నీ మీద కోపంతో పోలేదు. నీ దగ్గర తిట్లు తినడానికి ఇంటికి వస్తూ పోయాడు. ఇది నీకు రెండేళ్ల కిందటే తెలియాల్సింది. నేను దాచాను. పొయ్యిలో పెట్టాల్సింది ఏదన్నా ఉంటే నా నోరు పెట్టు.

పొద్దున్నుంచి వాడు పుట్టినప్పటి సంగతి మళ్లీ మళ్లీ తలపుకొస్తోంది. మంత్రసాని వాణ్ణి కడుగుతుంటే నువ్వు వాకిట్లో నుంచి తొంగిచూసి పోయావు. కాసేపు మగ్గం చప్పుడు లేదు. తర్వాత నిదానంగా మొదలైంది. రోజూ కొట్టే జోరు లేదు, ఒక్కో దెబ్బకూ మధ్య చాలా సేపు. చేతులు వణుకుతున్నాయేమో అనుకున్నాను. మళ్లీ మామూలు జోరు వచ్చింది. ఆ చప్పుడు వింటూనే నిద్రపోయాను.

ఇంకో కాగితం హర్షిణిని అడిగి తీసుకొని దీంతో పెడుతున్నాను, మొదటిది నువ్వు చింపేసి ఉంటావని. సంతకం పెడతావో, దీన్ని కూడా చింపుతావో నీ ఇష్టం. ఇక నేను అడగను.

నీ దగ్గర మాట దాచిన
తిరుపతమ్మ


ఆగస్టు 9

మామకు,

నీ ఉత్తరం గత నెల ఇరవై తొమ్మిదో తారీఖున అందింది. పోస్టాయన ఇచ్చినప్పుడు పెద్ద ఈరన్న పెదనాయన అరుగు మీదే ఉన్నాడు. "నారాయణప్ప ఉత్తరం రాసినాడా! సదువు సదువు" అని మీదికొచ్చాడు. ఇవ్వలేదు. లోపలికి పోయి మగ్గం గుంట గట్టు మీద కూర్చొని చదివాను. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో నువ్వు నాకు రాసిన మొదటి ఉత్తరం అది. ఆరు ముక్కలు రాశావు. నాకు నోటికి వచ్చేశాయి.

"సంతకం పెట్టినాను. వాడు రెండు పోగులు అని చెప్పినాడంటివి. రెండు కాదు, మూడు. నేసినవాణ్ణి నేను. రెండని పెట్టేటట్టయితే వద్దు, మూడని రాయమను. నీ మీద కోపం ఉంది, తగ్గినాక వస్తాను."

మొదట నాకు ఏడుపు కంటే ఆశ్చర్యం ఎక్కువైంది. కొడుకు సంగతి రాస్తే, నేను చేసిన మోసం రాస్తే, ఈ మనిషికి పోగుల లెక్క పట్టిందేమిటి అనుకున్నాను. కోపం ఉంది అన్న మాట మాత్రం నాకు మేలు చేసింది. రెండేళ్లుగా నీకు నా మీద కోపం కూడా లేకపోయింది. ఉంటే ఉండనీ.

కాగితం పంపించి, హర్షిణికి ఫోన్ చేసి చెప్పాను. "అమ్మా, భూపేష్ గొంతులో రెండు అనే ఉంది. అది మార్చకూడదు. కింద రాతలో నాన్నగారి మాట వేరుగా పెడతాను" అంది. సరేనన్నాను.

ఏడో తారీఖు పొద్దున తెరిచారు. నాగజ్యోతి ఫోన్ చుట్టూ అరుగు నిండా జనం. పెద్ద ఈరన్న చీర వచ్చినప్పుడు నవ్వులు, ఆయన తిట్లు. నా చీర దగ్గరికి వచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే అందరూ ఫోన్ దగ్గరికి జరిగారు. వాడి గొంతు వినపడింది. నేను దొంగతనం చేసిన ముక్క దగ్గర ఎవరూ నా వైపు చూడలేదు. పెదనాయన తువ్వాలు మొహం మీద వేసుకున్నాడు. అయిపోయాక, "మీ నాయన పేక గురించి నువ్వు సెప్పింది నిజమేప్పా" అని ఫోన్‌తోనే అన్నాడు, వాడు అందులో కూర్చొని ఉన్నట్టు.

దాని కింద రాత ఇట్లా ఉంది. నేసింది నారాయణ. కండెలు చుట్టింది తిరుపతమ్మ. చెప్పింది భూపేష్. దాని కింద చిన్న అక్షరాలతో: పసుపు పోగులు రెండు కాదు, మూడు అని నేసినవారు తెలియజేశారు.

కండెల సంగతి నేను అడగలేదు మామా. హర్షిణే పెట్టింది. వాడు ఎప్పుడో చెప్పి ఉంటాడు.

జనం పోయాక నాగజ్యోతిని ఫోన్ అడిగి తీసుకున్నాను. రెండు వేళ్లు పెట్టి విడదీస్తే బొమ్మ పెద్దదవుతుంది. విడదీసుకుంటూ పోయాను. చీర కాస్తా చాపంత అయింది, తర్వాత తాడు పేనినట్టు ఒక్కో పోగూ విడిగా కనపడింది. లెక్కపెట్టాను. మూడు.

ఇరవై ఐదేళ్లు కట్టుకున్నాను దాన్ని. ఉతికాను, ఆరేశాను, మడిచాను. రెండే అనుకున్నాను, వాడికీ రెండే అని చెప్పాను. ఒక్కసారి కూడా దగ్గరగా చూడలేదు.

నేను నేసేదాన్ని కాకపోయినా నేసేవాడి పెళ్లాన్ని. మూడు అని కనపడగానే ఆగిపోయాను. పరాకులో పసుపు నాడె పడితే నీ కంటికి మొదటి పోగుకే తెలిసిపోతుంది. ఇంకా పరాకైతే అటు పోయిన నాడె ఇటు తిరిగి వస్తుంది, రెండు పడతాయి, పక్కన పెట్టేసి నీలం అందుకుంటావు. మూడోది కొట్టావంటే నాడె అవతలి అంచున ఉండిపోతుంది. అక్కడ దారం తెంచాలి, కొస మడిచి లోపలికి నేయాలి. పరాకులో ఉన్నవాడు అంత పని చేయడు. బొమ్మను అవతలి అంచుకు జరిపి చూశాను. ఉంది మామా. తెంచిన పసుపు కొస, అంచులోకి ఎంత నీటుగా మడిచి నేశావో. పనిగట్టుకొని చూస్తే తప్ప కనపడదు.

అప్పుడు నాకు ఆ దెబ్బలు గుర్తొచ్చాయి. వాడు పుట్టాక మగ్గం ఆగి, నిదానంగా పడిన దెబ్బలు. చేతులు వణికి కాదు. ఇద్దరం ముగ్గురం అయ్యామని నువ్వు తెలిసే కొట్టావు. ఒక్కొక్కటే, మూడు.

ఆ పసుపు పోగులు ఎందుకు విప్పలేదని సావుకారు అడిగితే కనపడలేదన్నావు. నీకు కనపడకపోవడమా! ఆయన తిప్పికొడతాడని తెలుసు. తిప్పికొడితేనే కదా చీర ఇంట్లో ఉంటుంది. మంచి చీర అయి ఉంటే ఎవరో కట్టుకొని ఎక్కడో చిరిగిపోయేది. దాన్ని తెచ్చి నా మంచం మీద పడేసి, "తప్పు పడింది, నువ్వే కట్టుకో" అన్నావు. పచ్చి బాలింతను, మొహం చూపించకుండా పోతే కోపంలో ఉన్నావనుకున్నాను.

ఆ సాయంత్రం వాడు ఫోటో తీస్తుంటే నువ్వు అంతగా ఎందుకు మండిపడ్డావో కూడా ఇప్పుడు తెలిసింది. తప్పు బయటపడుతుందని కాదు. తప్పు కాదన్నది బయటపడుతుందని. నా దగ్గర కూడా దాచుకున్నదాన్ని వాడు ఊరందరి ముందూ పరిచేస్తున్నాడని. నేను రెండేళ్లు దాచినందుకు నువ్వు నన్ను తిట్టాలి. ఇరవై ఏడేళ్లు దాచినందుకు నేను నిన్ను ఏమనాలి?

నాగజ్యోతికి చెప్పలేదు, హర్షిణికి చెప్పలేదు. ఆ కొస మడిచిన సంగతి మన ఇద్దరికే ఉండనీ. మూడు అన్నది చాలు జనానికి.

చీర తిరిగి ఇమ్మంటారా అని హర్షిణి అడిగింది. అక్కడే పురుగు పట్టకుండా పెట్టెలో ఉంచుతారంట. ఉంచమన్నాను. వాడి పుట్టినరోజుకు మాత్రం ఒక పూట ఇస్తే కట్టుకొని మళ్లీ ఇస్తానన్నాను. అట్లాంటి రూలు లేదంటూ, పెద్ద సార్‌ను అడుగుతానంది. అడగనీ.

నువ్వు రాత్రిపూట కాపలాలో ఉన్నప్పుడు బసవరాజ్ అన్నను అడిగి ఆ పేజీ తెరిపించుకో. వాడు రెండు అంటాడు. కింద నువ్వు మూడు అంటావు. ఎవరు తెరిచినా వాడు మళ్లీ రెండే అంటాడు, నువ్వు మళ్లీ మూడే అంటావు. మీ నాయనా కొడుకుల వాదులాట ఇక ఆగేది కాదు. నాకు వినడానికి బాగుంది.

మగ్గం గుంట ఊడ్చి పెట్టాను. మగ్గం దువ్వెనలో, ఆ పన్నెలో నువ్వు వదిలేసిన పాత పోగులు అట్లాగే ఉన్నాయి, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కొత్త చీరకు పడుగు పోగులు అతికించాలంటే వాటికే అతికించాలి కదా.

కోపం తగ్గినాక వస్తానన్నావు. తగ్గకపోయినా రా. ఇక్కడికొచ్చి తిట్టు. ఈసారి తిట్టినాక అన్నం నేను పెడతాను.

నీ రాక చూస్తూ,
తిరుపతమ్మ